చిన్న పిల్లలకు తోటివారికి సాయం చేయడం ఎలా నేర్పాలి? – మీ అనుభవాలు చెప్పండి

పటమట తల్లి:
మా అమ్మాయి ఒకటో తరగతి చదువుతోంది. పక్కన కూర్చునే బాబుకు ఒత్తులు సరిగా రావడం లేదని, వాడి చేతిలోని పెన్సిలు లాక్కుని ‘అక్క’, ‘అమ్మ’ అన్నీ తానే రాసిపెడుతోందట. "వాడికేమీ రాదమ్మా, అంతా నేనే చేస్తాను" అని ఇంటికి వచ్చి గొప్పగా చెబితే, మెచ్చుకోవాలో మందలించాలో తెలియక ఊరుకున్నాను. ఆ బాబు ఇప్పుడు పుస్తకం తెరవగానే దాన్ని మా పాప వైపు జరిపేస్తున్నాడని టీచరు గారు చెప్పిన తరువాత గాని నాకు అసలు సంగతి బోధపడలేదు.

బ్రాడీపేట పంతులమ్మ:
గుంటూరులో చాలా ఏళ్లుగా ఒకటి, రెండు తరగతులకు చెబుతున్నాను. పాపను తప్పుపట్టకండి, పని పూర్తిచేసి పెట్టడమే సాయమని వాళ్లకు చూపించింది పెద్దవాళ్లమైన మనమే. మా తరగతిలో ముందు "చెప్పనా?" అని అడగాలి, అవతలివారు "ఊఁ" అంటేనే చెప్పాలి, పెన్సిలు మాత్రం రాసేవారి చేతిలోనే ఉండాలి. ఒత్తు ఎక్కడ వస్తుందో తమ పలక మీద రాసి చూపించవచ్చు గాని, పక్కవారి పుస్తకంలో ఒక్క గీత కూడా గీయకూడదు. మధ్యాహ్న భోజనంలో గుడ్డు పెంకు వలవడం రాని పిల్లవాడికి కూడా సగం వలిచి ఇచ్చి, మిగతా సగం వాడి చేతనే వలిపిస్తారు. మొదటి నెలంతా "చెప్పనా" అని అరుస్తూ, జవాబు వినకుండానే చెప్పేసేవారు. ఇద్దరు ముగ్గురు ఇప్పటికీ అంతే!

భవానీపురం నాన్న:
మా బాబు బడిలో సాయం చేసిన పిల్లల పేర్ల పక్కన నక్షత్రం అంటించేవారు. నెల తిరిగేసరికి, కింద పడిన ఒక్క రబ్బరు కోసం నలుగురు తోసుకోవడం మొదలైంది. 20 నెలల పిల్లలు సాయం చేసినప్పుడల్లా వారికి బహుమతి ఇస్తే, అది ఆపేశాక వారు సాయం చేయడం తగ్గిందని వార్నెకెన్, టొమాసెల్లో అనే శాస్త్రవేత్తలు 2008లో ప్రచురించారు. మా బడివారికి ఆ మాట చెప్పి చూశాను. నక్షత్రాలు ఇంకా గోడ మీదే ఉన్నాయి.

సింగ్‌నగర్ నాయనమ్మ:
2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు మా మనవడి పుస్తకాలన్నీ నానిపోయాయి. బడి తెరిచాక తోటి పిల్లలు తమవి ఇచ్చారు. వారిలో ఒక అబ్బాయి రోజూ "అది నేనిచ్చిందే" అని అందరి ముందూ అంటుంటే, మావాడు ఆ పుస్తకానికి పాత పేపరు అట్ట వేసుకుని, దాన్ని సంచి అడుగున దాచేవాడు. మరో అమ్మాయి మాత్రం "ఈ పాఠం నేనూ సరిగ్గా రాయలేదు, కలిసి రాసుకుందామా?" అంటూ పక్కన వచ్చి కూర్చుంది. ఆ పిల్లకు ఆ మాట ఎవరు నేర్పారో వాళ్లమ్మను అడగాలని ఇప్పటికీ అనుకుంటూనే ఉన్నాను.

పటమట తల్లి:
నిన్న నాకు బొత్తాం పెట్టుకోవడం రానట్టు నటించాను. పాప మూడుసార్లు చేయి చాచి వెనక్కి తీసుకుని, చివరకు "పెట్టనా అమ్మా?" అంది. వద్దంటే ముఖం చిన్నబుచ్చుకుంది. పంతులమ్మ గారూ, అవతలివారు వద్దన్నప్పుడు ఏమనమంటారు?

బ్రాడీపేట పంతులమ్మ:
"సరే, కావాలంటే పిలువు" అనేసి, తన పని తాను చూసుకోమంటానండీ.