చార్లెస్ పీస్ కంట్లో నీళ్లు ఎవరు పెట్టారు?

పాతపేజీ: మూడేళ్లుగా చార్లెస్ పీస్ అనే మరుగునపడ్డ దొంగ జీవిత చరిత్ర రాస్తున్నాను. 1832లో షెఫీల్డ్‌లో పుట్టాడు. పగలు ఫిడేలు, రాత్రి కన్నాలు. 1879 ఫిబ్రవరి 25న లీడ్స్‌లోని ఆర్మ్‌లీ జైల్లో ఉరి తీశారు. 1876 ఆగస్టులో మాంచెస్టర్ దగ్గర నికొలస్ కాక్ అనే కానిస్టేబుల్‌ని కాల్చి పారిపోతే, ఆ నేరం విలియం హాబ్రన్ అనే ఐరిష్ కూలీ కుర్రాడి మీద పడింది. విచారణ రోజు పీస్ జనంలో కూర్చుని చూశాడు. ఉరికి ముందు పాదిరీతో తనే చెప్పుకున్నాడు. ఆ విచారణ ఘట్టంలో నేను పీస్ గురించి 'అతని కళ్లు చెమ్మగిల్లాయి' అని రాశాను. ఉంచనా, తీసేయనా?

కరణంగారబ్బాయి: తీసేయండి. హాబ్రన్‌కి ఉరిశిక్ష వేసింది నవంబర్ 28న. మర్నాడు రాత్రే పీస్ షెఫీల్డ్‌లోని బ్యానర్ క్రాస్‌లో ఆర్థర్ డైసన్ అనే మనిషిని కాల్చి చంపాడు. చెమ్మ అంత త్వరగా ఆరిందా?

చిన్నక్క: మరుగునపడ్డ దొంగ ఏమిటండీ! లండన్‌లో మైనపు బొమ్మ చేసి పెట్టారు. మనకు తెలియకపోతే మరుగున పడ్డట్టేనా?

పాతపేజీ: తెలుగులో మరుగున అని నా ఉద్దేశం. కరణంగారూ, ఒక మనిషి ఒకరోజు ఏడ్చి మర్నాడు చంపకూడదని ఎక్కడుంది?

కరణంగారబ్బాయి: ఎక్కడా లేదు. ఏడ్చాడనీ ఎక్కడా లేదు. అదే నా గొడవ.

గోదారిగట్టు: పాతపేజీ గారూ, ఉంచండి, నా మాట వినండి. మా ఊరి దొంగ గురించి నేనూ ఒక పుస్తకం రాశాను. ప్రతి వాక్యానికీ కాగితం చూపించా. పబ్లిషర్ గారు 'చార్జిషీట్‌లా ఉంది' అని తిప్పి పంపేశారు. సొంత డబ్బుతో 500 కాపీలు వేయించా. నాలుగొందలు ఇంకా మంచం కిందే ఉన్నాయి. మా ఆవిడ వాటి మీద ఉల్లిపాయలు ఆరబెడుతోంది. నిజాయితీకి వచ్చిన ఫలితం అది.

కరణంగారబ్బాయి: మీ పుస్తకం అమ్ముడుపోలేదని ఇంకొకరి కంట్లో నీళ్లు పెట్టమంటారా?

గోదారిగట్టు: ఒక్క పుస్తకం రాసి చూడండి, అప్పుడు మాట్లాడదాం.

చిన్నక్క: మైనపు బొమ్మ సంగతి ఎవరూ చెప్పలేదు.

పాతపేజీ: టెన్షన్ వద్దు, ప్లీజ్. నేను ఊరికే కల్పించలేదు. ఆ రోజుల పత్రికలు, కోర్టు కాగితాలు అన్నీ చదివాను. పోలీసులకు అతనొక మృగం. పత్రికలకు తమాషా. రైల్లో తీసుకెళ్తుంటే కిటికీలోంచి దూకాడని పేజీలు నింపారు. లోపలి మనిషి ఎక్కడా దొరకలేదు. ఆ ఖాళీ నేను పూరించకపోతే ఎవరు పూరిస్తారు?

ఎర్రమట్టి: ఇన్ని రోజులూ చదువుతూ ఊరుకున్నాను. నేను సెటిల్‌మెంట్ ఊరి దాన్ని. కొన్ని కులాలవాళ్లను పుట్టుకతోనే నేరస్థులని ముద్ర వేసి, ఇలాంటి ఊళ్లలో కాపలా పెట్టి ఉంచిన నేరస్థ జాతుల చట్టం తెల్లవాళ్లు 1871లో తెచ్చారు. మద్రాసు ప్రెసిడెన్సీ దాకా వచ్చింది 1911లో. మా ముత్తాత రోజూ వెళ్లి హాజరు వేయించుకునేవాడు. ఏ దొంగతనం చేశాడో రిజిస్టర్‌లో లేదు. పేరు, వేలిముద్ర, అంతే. మా ఇంట్లో ఆయన గురించి మిగిలిన కాగితం అదొక్కటే. రేపు ఎవరో దయగల రచయిత వచ్చి ఆయన కళ్లూ చెమ్మగిల్లాయని రాస్తే? ఆయన ఏడ్చేవాడో, కోపంతో పళ్లు కొరికేవాడో మాకే తెలియదు. మీరెవరు చెప్పడానికి?

పాతపేజీ: అమ్మా, మీ ముత్తాత నిర్దోషి. పీస్ హంతకుడు. రెండూ ఒకటి కావు.

ఎర్రమట్టి: కావు. అందుకే అడుగుతున్నా. ఆ కోర్టులో నిర్దోషి కూడా ఒకడున్నాడుగా! ఒక బూటు గుర్తు పట్టుకుని హాబ్రన్‌కి ఉరిశిక్ష వేశారు. తర్వాత దాన్ని యావజ్జీవంగా మార్చి పోర్ట్‌లాండ్ జైలుకు పంపారు. పీస్ ఒప్పుకున్నాకే 1879లో వదిలారు. నష్టపరిహారంగా 800 పౌన్లు ఇచ్చారు. మీ పుస్తకంలో అతనికి ఎన్ని పేజీలు?

పాతపేజీ: నాలుగు. అతని గురించి దొరికింది తక్కువ.

ఎర్రమట్టి: దొంగ గురించి దొరకకపోతే కల్పించారు. కూలీవాడి గురించి దొరకకపోతే వదిలేశారు.

గోదారిగట్టు: ఇది అన్యాయమైన మాట మేడమ్. ఆయన రాస్తున్నది పీస్ చరిత్ర.

కరణంగారబ్బాయి: మొదటిసారి నేను అడగని ప్రశ్న ఎవరో అడిగారు. నేను వాక్యం గురించే కొట్టుకున్నాను.

పాతపేజీ: మూడేళ్ల పని. ప్రూఫులు సోమవారం వెళ్లాలి. ఇప్పుడు హాబ్రన్‌కి అధ్యాయం ఎక్కడి నుంచి తేను?

ఎర్రమట్టి: తెమ్మనలేదు. ఆ కోర్టు పేజీలో పీస్ కళ్ల గురించి తీసేసి, బోనులో నిలబడ్డవాడి వయసు రాయండి. అది కాగితాల్లో ఉంటుంది.

పాతపేజీ: ఉంది. పద్దెనిమిది.

చిన్నక్క: ఇంతకీ 'మరుగునపడ్డ' అనే మాట ఉంటుందా, తీస్తారా?