చర్చ: వారాంతపు ఆఫ్‌రోడ్ ప్రయాణంలో దారిని ఏ బండిని బట్టి ఎంచుకోవాలి?

వారధి:

అందరికీ నమస్కారం. ఈ వారాంతంలో మేము కొందరు స్నేహితులం మూడు బండ్లలో కొండదారి పట్టి, ఒక రాత్రి గుడారాలు వేసుకొని, మరునాడు తిరిగి రావాలని అనుకుంటున్నాము. ఒకటి నాలుగు తలుపుల జీప్ రాంగ్లర్ రూబికాన్, రెండవది మూడు తలుపుల సుజుకీ జిమ్నీ, మూడవది లో రేంజ్ (వేగం తగ్గించి చక్రాలకు బలం పెంచే అదనపు గేరు) లేని ఎస్‌యూవీ. ముందు చక్రాలు జారినప్పుడు మాత్రమే దాని వెనుక చక్రాలకు శక్తి అందుతుంది. ఆ మూడవ బండి నడిపే స్నేహితునికి తారు రోడ్డు మీద ఎంత అనుభవం ఉన్నా మట్టిదారి కొత్త. మా ముందు రెండు దారులు ఉన్నాయి. ఒకటి గట్టి మట్టిదారి, రెండవది రాళ్ళ ఎక్కుడు ఎక్కి, వాగు దాటి వెళ్ళే కష్టమైన దారి. రెండవ దారిలోనే వెళ్ళి, ఆ ఎస్‌యూవీ ఎక్కడ ఆగిపోతే అక్కడ తాడు కట్టి లాగుదామని సగం మంది అంటున్నారు. అందరూ సొంతంగా వెళ్ళగలిగే దారినే ఎంచుకోవాలని మిగిలినవారు పట్టుబడుతున్నారు. మీరు ఏ పక్షాన్ని సమర్థిస్తారు, ఎందుకు?

మట్టిబాట:

వారధి గారూ, దారిని ఎంచుకోవలసింది బృందంలో అన్నిటికంటే తక్కువ సామర్థ్యం గల బండిని, అందరికంటే తక్కువ అనుభవం గల డ్రైవర్‌ను చూసి. తాడు కట్టి లాగడం అనుకోనిది జరిగినప్పుడు చేసే పని. దానిని ముందుగానే ప్రయాణంలో ఒక భాగంగా లెక్కలోకి తీసుకోవడాన్ని నేను ఏ విధంగానూ ఒప్పుకోలేను.

లో రేంజ్ లేకపోవడం చిన్న లోటు కాదు. రూబికాన్‌లో లో రేంజ్ వేస్తే చక్రాలను తిప్పే బలం 4 రెట్లు అవుతుంది, జిమ్నీలో సుమారు 2 రెట్లు అవుతుంది. అందువల్ల అవి మనిషి నడక కంటే నెమ్మదిగా, ఏ చక్రం ఏ రాయి మీద పడుతోందో చూసుకుంటూ ఎక్కగలవు. ఆ సదుపాయం లేని బండి అదే ఎక్కుడును ఊపు అందుకొని దాటవలసి వస్తుంది, ఆ ఊపులో రాయి తగిలి ఇంజిన్ ఆయిల్ ఉండే అడుగు తొట్టి పగిలితే ప్రయాణం అక్కడే ఆగిపోతుంది. పైగా ఇలాంటి ఎస్‌యూవీలలో వెనుక చక్రాలకు శక్తిని పంపే క్లచ్, చక్రాలు ఎక్కువసేపు జారుతూ తిరిగితే వేడెక్కి, తనను కాపాడుకోవడానికి ఆ చక్రాలకు శక్తిని ఆపివేస్తుంది. అది చల్లారేవరకు మీ స్నేహితుడు సగం ఎక్కిన రాళ్ళ మీద, ముందు చక్రాల బలంతో మాత్రమే నిలబడవలసి వస్తుంది.

ఇక లాగడం విషయానికి వస్తాను, ఎందుకంటే నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలవరపెడుతున్నది అదే. మామూలు ఎస్‌యూవీ బంపర్‌లో మర తిప్పి బిగించే కొక్కెం, చెడిపోయిన బండిని చదునైన రోడ్డు మీద మెల్లగా లాక్కువెళ్ళడానికి ఉద్దేశించినది. బురదలో ఇరుసుల దాకా దిగిపోయిన బండిని బయటకు తీయాలంటే దాని మొత్తం బరువుకు సమానమైన బలం, ఒక్కొక్కసారి అంతకు మించిన బలం కూడా కావాలి. పైగా ఇప్పుడు అందరూ వాడుతున్న నైలాన్ కైనెటిక్ తాడు 30 శాతం వరకు సాగి, అలా సాగుతూ కూడబెట్టుకున్న శక్తినంతా ఒక్క క్షణంలో వదిలిపెడుతుంది. ఆ క్షణంలో కొక్కెం ఊడితే అది ఎవరి వైపు దూసుకువస్తుందో ఎవరూ చెప్పలేరు. ట్రైలర్ తగిలించే ఇనుప గుండుకు తాడు వేయడం ఇంకా ఘోరమైన పని. అది విరిగి, అద్దం పగులగొట్టుకొని వచ్చి తగలడం వల్ల ప్రాణాలు పోయిన సందర్భాలు ఉన్నాయి. మీ మూడవ బండికి ఛాసిస్‌కు బిగించిన, లాగడానికి తగిన రేటింగ్ గల కొక్కేలు ముందూ వెనుకా ఉన్నాయా? లేకపోతే "లాగుదాం" అంటున్నవారు తాడును దేనికి కడతారో ముందుగా చెప్పాలి.

మరొక సంగతి కూడా ఉంది. ఆ రూబికాన్ బరువు సుమారు 2000 కిలోలు, జిమ్నీ బరువు సుమారు 1100 కిలోలు. ఎస్‌యూవీని లాగబోయి రూబికాన్ కూడా కూరుకుపోతే, దానిని బయటకు తీసే బాధ్యత దాదాపు సగం బరువున్న జిమ్నీ మీద పడుతుంది.

కొండచరియ:

మట్టిబాట గారు చెప్పిన సాంకేతిక విషయాలను నేను కాదనడం లేదు, కానీ ఆయన తేల్చిన నిర్ణయంతో ఏకీభవించలేను. బృందంగా వెళ్ళేది ఒకరికొకరు ఆసరాగా ఉండడానికే. కామెల్ ట్రోఫీని తీసుకోండి. 1980లో బ్రెజిల్ అడవిదారుల్లో మొదలై 2000 వరకు సాగిన ఆ సాహసయాత్రలో జట్లు వించ్‌లతో (బండికి బిగించిన, తాడును చుట్టుకుంటూ లాగే యంత్రాలతో), పారలతో, ఒకరి బండిని ఒకరు నెట్టుకుంటూనే ముందుకు సాగాయి. ఎప్పుడూ చదునైన దారిలోనే నడిపే కొత్త డ్రైవర్ ఎప్పటికీ కొత్త డ్రైవర్‌గానే మిగిలిపోతాడు.

లాగడమంటే కుదుపుతో లాగడమే కానవసరం లేదు. ముందుగా టైర్లలో గాలిని సగానికి దగ్గరగా, అంటే 35 పీఎస్ఐ నుండి 18 లేదా 20 దాకా తగ్గిస్తే, టైరు నేలను తాకే భాగం పొడవు పెరిగి చాలా చోట్ల తాడు అవసరమే రాదు. అప్పటికీ ఆగిపోతే పారతో చక్రాల ముందు తవ్వి, కింద రికవరీ బోర్డులు (చక్రాలకు పట్టు దొరికేలా పరిచే గరుకు పలకలు) పెట్టాలి. అదీ చాలకపోతే వించ్‌తో అంగుళం అంగుళం లాగాలి. ఈ వరుసను పాటించే బృందానికి మట్టిబాట గారు వర్ణించిన ప్రమాదం ఎదురయ్యే సందర్భం చాలా అరుదు.

ఇంకొక మాట కూడా ఆలోచించండి. సామర్థ్యం గల బండ్లవారిని సులువైన దారికి కట్టిపడేస్తే, వారు విసుగుతో దారి వదిలి పక్కనున్న గడ్డినేల మీదికో, వాగు ఒడ్డు మీదికో బండ్లు ఎక్కిస్తారు. నేలకు జరిగే నష్టం నిర్ణీతమైన కష్టపు దారిలో కంటే అక్కడే ఎక్కువ.

నీటిచుక్క:

మీరిద్దరూ రాళ్ళ గురించి, తాళ్ళ గురించి మాట్లాడారు కానీ వాగును వదిలేశారు. వేగంగా పారే నీరు 30 సెంటీమీటర్ల లోతుంటే చిన్న కారును, 60 సెంటీమీటర్ల లోతుంటే ఎస్‌యూవీలతో సహా చాలా వాహనాలను కొట్టుకుపోయేలా చేస్తుందని అమెరికా జాతీయ వాతావరణ సేవ హెచ్చరిస్తుంది. మీ ప్రయాణంలో రాత్రి బస ఉందన్న సంగతిని దీనితో కలిపి చూడండి. వెళ్ళేటప్పుడు మోకాటి కిందే ఉన్న నీరు, రాత్రి పైన ఎక్కడో వాన కురిస్తే, మీ గుడారాల మీద ఒక్క చినుకు పడకపోయినా, తెల్లవారేసరికి దాటలేనంతగా పెరగవచ్చు. అప్పుడు వేరే దారి లేకపోతే మీరు అవతలి ఒడ్డునే ఉండిపోవాలి, సోమవారం పనికి వెళ్ళాలన్న తొందర ఉన్నవారు దాటకూడని నీటిలో బండి దింపుతారు. గాలి పీల్చుకునే గొట్టంలోనుండి నీరు సిలిండర్లలోకి చేరితే, నీరు నలగదు కనుక ఇంజిన్‌లో పిస్టన్లకు తగిలించిన కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. మామూలు ఎస్‌యూవీలో ఆ గొట్టం నోరు ఎంత ఎత్తులో ఉందో బయలుదేరే ముందే బానెట్ ఎత్తి చూసుకోవాలి.

మట్టిబాట:

నీటిచుక్క గారు చెప్పిన తిరుగు ప్రయాణం మాట ఈ చర్చలో అందరూ పట్టించుకోవలసినది. వాగుకు ఇవతలే బస చేయడం మంచిది, అది కూడా నీటి అంచుకు కనీసం 60 మీటర్ల దూరంలో, ఎత్తైన చోట.

కొండచరియ గారూ, కామెల్ ట్రోఫీ ఉదాహరణ నా వాదననే బలపరుస్తుంది. అక్కడ జట్లకు ఇచ్చినవి ఒకే రకం వాహనాలు, వాటన్నిటికీ ఒకే రకం పరికరాలు, మనుషులు ముందుగా ఎంపికై శిక్షణ పొందినవారు. వారధి గారి బృందంలో ఈ మూడింటిలో ఒక్కటీ లేదు. ఇక విసుగెత్తినవారు దారి వదిలి వెళతారన్న మీ భయం సరైనదే, నేను కూడా దానిని తేలికగా తీసుకోను. అమెరికాలోని మొహావి ఎడారిలో 1942లో సైనిక శిక్షణ కోసం తిప్పిన ట్యాంకుల జాడలు ఇప్పటికీ చెరిగిపోలేదు. అయితే చక్రాలు ఆగిన చోటే తిరుగుతూ గోతులు తవ్వే బండి వల్ల కూడా నేల పాడవుతుంది. ఆ గోతిని తప్పించుకోవడానికి తరువాత వచ్చే ప్రతి బండీ పక్కకు జరిగి దారిని వెడల్పు చేస్తుంది. అంటే, దాటలేని బండిని కష్టమైన దారిలోకి తీసుకువెళ్ళడం కూడా నేలకు అపకారమే.

కాబట్టి వారధి గారికి నా సూచన ఇది. మూడు బండ్లూ సులువైన దారిలో బస స్థలానికి చేరుకోండి. బండి పైన కట్టుకునే గుడారం ఒక్కటే చాలావరకు 50 కిలోలకు మించి ఉంటుంది. అంత బరువు నెత్తిన పెట్టుకొని అడ్డంగా వాలిన రాళ్ళ మీద నడిపితే బండి పక్కకు ఒరిగే ప్రమాదం పెరుగుతుంది. సామాను అంతా బసలో దింపి, మరునాడు ఉదయం రూబికాన్, జిమ్నీ మాత్రమే రాళ్ళ ఎక్కుడుకు వెళ్ళాలి. కొత్త డ్రైవర్ వారి వెంట వెళ్ళి, బండి దిగి ముందు నిలబడి చేతి సైగలతో దారి చూపడం నేర్చుకోవాలి. ఏ చక్రం ఎక్కడ జారిందో స్టీరింగ్ వెనుకనుండి కంటే అక్కడి నుండే బాగా కనబడుతుంది. నేర్చుకోవడం అంటే ఎస్‌యూవీని పగులగొట్టుకోవడం అని అనుకోనక్కరలేదు. వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ ఎస్‌యూవీని మధ్యలో ఉంచండి. ప్రతి డ్రైవరూ తన వెనుక బండి అద్దంలో కనబడకపోతే ఆగిపోవాలి, దారి చీలిన ప్రతిచోటా వెనుకవారు వచ్చేవరకు నిలబడాలి. గాలి తగ్గించిన టైర్లను తారు రోడ్డు ఎక్కే ముందు తిరిగి నింపడానికి కంప్రెసర్ మరువవద్దు.

కొండచరియ:

సామాను దింపి రెండు బండ్లతో వెళ్ళాలన్న సూచనను ఒప్పుకుంటున్నాను. దానివల్ల నేను చెప్పిన విసుగు సమస్య కూడా చాలావరకు తీరుతుంది. కానీ కొత్త డ్రైవర్‌ను సైగలకే పరిమితం చేయడం న్యాయం కాదు. ఎక్కుడులో తేలికపాటి భాగం ఉంటే, యజమాని పక్కన కూర్చొని, లో రేంజ్‌లో, మొదటి గేరులో జిమ్నీని అతని చేత నడిపించాలి. దిగుడులో బ్రేకు తొక్కకుండా ఇంజిన్ పట్టుతోనే బండి దిగుతుందన్న నమ్మకం కాలికి కలగాలంటే స్టీరింగ్ ముందు కూర్చోవలసిందే.

మట్టిబాట:

జిమ్నీ యజమాని మనస్ఫూర్తిగా ఒప్పుకుంటే, ఇతరుల చేతిలో ఉన్నప్పుడు ఆ బండికి బీమా వర్తిస్తుందో లేదో ముందుగా చూసుకుంటే, నాకు అభ్యంతరం లేదు. దిగుడు నుండి మొదలుపెట్టించవద్దు. ముందు ఎక్కించండి, ఆ తరువాత అదే చోట దింపించండి.