జింక మాంసం సాసేజ్ ఆరు పౌండ్లు ఉంది, కనుమ పాట్‌లక్‌కి ఏం చేస్తే బాగుంటది?

కరీంనగర్_మాడిసన్:
అందరికీ నమస్తే. మేం విస్కాన్సిన్‌ల మాడిసన్ దగ్గర ఉంటం. మా పక్కింటి పెద్దాయన ఏటా నవంబర్‌ల వేటకు పోతడు. ఈసారి జింక దొరికిందని మాకు ఆరు పౌండ్ల సాసేజ్ ఇచ్చిండు. పేగుల నింపిన సాసేజ్ కాదు. ఖీమా లెక్క ముద్దగ ఉంది, పౌండుకు ఒక ప్లాస్టిక్ పొట్లం. మూడిటి మీద "బ్రేక్‌ఫాస్ట్" అని, మూడిటి మీద "ఇటాలియన్" అని రాసి ఉంది. అన్నిటి మీద "నాట్ ఫర్ సేల్" అని ముద్ర ఉంది.

కనుమ తర్వాత వచ్చే శనివారం మా క్లబ్‌హౌస్‌ల పాట్‌లక్ (తలా ఒక వంట తెచ్చుకొని కలిసి తినుడు) పెట్టుకున్నం. పిల్లలతోని కలిపి ముప్ఫై మంది అయితరు. పెద్దాయనను, వాళ్ళావిడను గూడ పిలిచినం. ఆయన ఇచ్చిన మాంసం ఆయన ముందట మంచిగ వండి పెట్టాలని నా కోరిక.

రెండు రకాలల్ల కొంచెం కొంచెం తీసి పెనం మీద కాల్చి చూసిన. ఉప్పు ముందే సరిపోయేంత ఉంది. బ్రేక్‌ఫాస్ట్ దాంట్ల ఏదో ఆకు వాసన గట్టిగ వస్తుంది. ఇటాలియన్ దాంట్ల సోంపు తెలుస్తుంది. రెండిట్ల గూడ నూనె అంతగా దిగలేదు. మటన్ ఖీమా లెక్క అల్లం వెల్లుల్లి, గరం మసాలా వేసి వండాల్నా, ఇంకేమన్న మంచి పద్ధతి ఉందా? చేత్తోని పట్టుకొని తినేటిదైతే పిల్లలకు సులువు. ఇంతకుముందు వండినోళ్ళు జర చెప్పండి.

గ్రీన్‌బే_రైతుబిడ్డ:
వంట సంగతి పెద్దవాళ్ళు చెబుతారు. నేను వేటకు వెళ్తాను కాబట్టి ముందు అడగాల్సినవి చెబుతా. మీ పెద్దాయన్ని మొహమాటం లేకుండా అడగండి, వేటగాళ్ళెవరూ తప్పుగా అనుకోరు.

మొదటిది, ఆ జింకకు సీడబ్ల్యూడీ పరీక్ష చేయించారా? జింకల మెదడును పాడుచేసే జబ్బు అది. విస్కాన్సిన్‌లో 2002లో బయటపడింది, అదీ మీ మాడిసన్ చుట్టుపక్కలే. మనుషులకు సోకినట్టు ఇంతవరకు రుజువు లేదు. అయినా జబ్బు ఉన్నట్టు తేలిన జింక మాంసం తినొద్దని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతోంది. ఎంత ఉడికించినా ఆ జబ్బు కారకం చావదు. ఇక్కడి డీఎన్ఆర్ (రాష్ట్ర సహజ వనరుల శాఖ) వాళ్ళు పరీక్ష ఉచితంగా చేస్తారు, మీ పెద్దాయన చేయించే ఉండొచ్చు. మాంసం కొట్టించిన చోట ఆయన జింకను విడిగా కొట్టారా, నలుగురి జింకలు కలిపి మర పట్టారా అన్నది కూడా కనుక్కోండి. కలిపేసి ఉంటే ఒక్క జింక పరీక్ష ఫలితం సరిపోదు.

రెండోది, తుపాకీతో కొట్టారా, విల్లుతోనా? సీసం తూటా అయితే కంటికి కనపడని తునకలు ఖీమాలోకి రావచ్చు. 2008లో నార్త్ డకోటా ఆరోగ్య శాఖ వాళ్ళు గర్భిణులు, ఆరేళ్ళలోపు పిల్లలు అలాంటి మాంసం తినొద్దని చెప్పారు. రాగి తూటా, విల్లు అయితే ఆ బెడద లేదు. పిల్లలకు పెట్టాలా వద్దా అన్నది దీన్నిబట్టే తేల్చుకోండి.

"నాట్ ఫర్ సేల్" అంటే వేట మాంసం అమ్మకూడదని. పాట్‌లక్‌లో పంచుకోవడానికి ఇబ్బంది లేదు. డబ్బు తీసుకొని ప్లేట్లు అమ్మే స్టాల్‌లో మాత్రం పెట్టకండి.

వాసా_పెద్దక్క:
అమ్మాయ్, ముందు ఆ గరం మసాలా డబ్బా మూతపెట్టి లోపల పెట్టెయ్. మాది తెనాలి దగ్గర పల్లె, మా ఇంట్లో మసాలా లేని మాంసం వంట లేదు. అయినా వద్దంటున్నానంటే కారణం ఉంది.

నీ చేతికి వచ్చింది పచ్చి ఖీమా కాదు. ఎవరో ఉప్పు చూసి, కారం చూసి, ఆకులు గింజలు లెక్కగా కలిపి సిద్ధం చేసిన మాంసం. నువ్వు రుచి చూసిన ఆకు సేజ్. మిరియాలతో, వెన్నతో, బంగాళాదుంపతో బ్రహ్మాండంగా కలుస్తుంది. లవంగం, దాల్చినచెక్క పడితే మాత్రం ఆకు రుచీ మసాలా రుచీ రెండూ చెడతాయి. సోంపు ఉన్న ఇటాలియన్ రకం అలా కాదు, మన కరివేపాకుకీ పచ్చిమిర్చికీ అల్లానికీ ఇట్టే ఒదుగుతుంది. కాబట్టి ఆ ఆరు పొట్లాలూ ఒకే గిన్నెలో కలపొద్దు. రెండు రకాలకీ రెండు వంటలు చెయ్.

ఇంకో సంగతి. అడవి జింకకు కొవ్వు తక్కువ. ఉన్నది కూడా కాస్త చల్లారితే చాలు, అంగిట్లో మైనంలా అంటుకుంటుంది. అందుకని ఇక్కడ మాంసం కొట్టేవాళ్ళు దాన్ని తీసేసి పంది కొవ్వో, పంది మాంసమో, ఒక్కోచోట గొడ్డు కొవ్వో కలుపుతారు. మన వాళ్ళ పాట్‌లక్‌లో ఇది అన్నిటికంటే ముఖ్యం. జింక అని చెప్పి పెడితే, పంది తినని వాళ్ళు, గొడ్డు తినని వాళ్ళు నమ్మి తింటారు. పెద్దాయన్ని అడిగి తెలుసుకొని, గిన్నె ముందు కార్డు పెట్టి తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాయి: జింక మాంసం, ఫలానా కొవ్వు కలిసింది, గుడ్డు ఉంది. ఆ గిన్నెకు విడిగా గరిటె పెట్టు. శాకాహారం బల్లకు దూరంగా పెట్టు. కొత్తగా వచ్చిన పిల్లలు జింక అనగానే కంగారు పడతారు, మన దేశంలో 1972 చట్టం ప్రకారం దాన్ని వేటాడటం నేరం కదా. ఇక్కడ లైసెన్సు తీసుకొని, సీజన్‌లో, లెక్క ప్రకారం వేటాడతారని వాళ్ళకు చెప్పు.

ఇక వంట. ఇటాలియన్ పొట్లాలతో కైమా ఉండలు చెయ్. పొట్లాలు ముందురోజే ఫ్రీజర్‌లోంచి ఫ్రిజ్‌లోకి మార్చు, పౌండు పొట్లం కరగడానికి ఒక రోజు పడుతుంది. గట్టు మీద పెట్టి కరిగించొద్దు. ఒక పౌండుకు ఇదీ లెక్క: ఒక ఉల్లిపాయ సన్నగా తరిగి రెండు టేబుల్ స్పూన్ల నూనెలో మెత్తగా మగ్గించి ఆరనివ్వు. ఆ నూనె వంపెయ్యొద్దు, ఈ మాంసానికి కావాల్సిందే అది. పుట్నాల పప్పు పొడి నాలుగు టేబుల్ స్పూన్లు, ఒక గుడ్డు, అల్లం తురుము, పచ్చిమిర్చి, కరివేపాకు, కొత్తిమీర సన్నగా తరిగి వెయ్. గసగసాల పొడి ఉంటే ఒక చెంచా. ఉప్పు వెయ్యొద్దు, వెల్లుల్లి కూడా అక్కర్లేదు, సాసేజ్‌లో ఉంటుంది.

కలిపేటప్పుడు చెయ్యి తేలిగ్గా ఉండాలి. పూరీ పిండిలా పిసికావంటే ఉప్పు తగిలిన మాంసం జిగురు పట్టి, కాలాక రబ్బరులా సాగుతుంది. అన్నీ కలిసీ కలవగానే ఆపెయ్. అరగంట ఫ్రిజ్‌లో పెట్టి, చిన్న నిమ్మకాయంత ఉండలు చుట్టుకో. పౌండుకు 20 పైనే వస్తాయి. మన ఇళ్ళల్లో నూనెలో దేవుతాం కానీ, దీన్ని దేవితే పైన నల్లబడుతుంది, లోపల ఎండుతుంది. ఓవెన్ 400 ఫారెన్‌హీట్‌లో పెట్టి, పదిహేను నిమిషాలయ్యాక థర్మామీటర్ గుచ్చి చూడు. లోపల 160 రావాలి, అంటే 71 సెల్సియస్. రంగు చూసి నిర్ణయించొద్దు, జింక మాంసం అసలే ముదురు రంగు.

కాలిన ఉండలు పొడిగా బల్ల మీద పెట్టకు. ఉల్లి, టమాటా మగ్గించి, చింతపండు గుజ్జు, చిన్న బెల్లం ముక్క, మిరియాల పొడి వేసి, ఉండకు అంటుకునేంత చిక్కగా రసం చెయ్. ఉండలు అందులో వేసి స్లో కుక్కర్‌లో "వార్మ్" మీద ఉంచు. కొవ్వు గడ్డకట్టదు, మాంసం ఎండదు. జింక మాంసంలో ఇనుము వాసన ఉంటుంది కదా, పులుపు తగిలితే అదీ సర్దుకుంటుంది. కనుమ కాబట్టి ఎవరో ఒకరు మినప గారెలు తెస్తారు. ఆ గారెతో ఈ రసం, ఒక ఉండ తిని చూడమను పెద్దాయన్ని. పక్కన గోంగూర పచ్చడి కూడా పెట్టు.

బ్రేక్‌ఫాస్ట్ రకంతో పఫ్‌లు చెయ్. హైదరాబాద్ బేకరీల్లో ఖీమా పఫ్ తిన్నావు కదా, ఆ పద్ధతే. ఒక పౌండు సాసేజ్ పెనం మీద విడివిడిగా వేయించి, రెండు ఉడికించిన బంగాళాదుంపలు చిదిమి వేసి, మిరియాల పొడి దట్టించు. పసుపు కూడా వద్దు. దుకాణంలో ఫ్రీజర్‌లో దొరికే పఫ్ పేస్ట్రీ పెట్టెలో రెండు షీట్లు ఉంటాయి, ఒక్కోదాన్ని 9 ముక్కలు కోస్తే 18 చిన్న పఫ్‌లు. మాంసంలో లేని కమ్మదనం ఆ పొరల్లోంచి వస్తుంది. పిల్లలు చేత్తో పట్టుకొని తినొచ్చు.

డాలస్_బాబాయ్:
పెద్దక్కయ్య చెప్పినదానికి ఒకటి కలుపుతా. ఇక్కడ దక్షిణాదిలో బ్రేక్‌ఫాస్ట్ సాసేజ్ అనగానే క్రిస్మస్ నుంచి ఫుట్‌బాల్ ఫైనల్ దాకా ప్రతి ఇంట్లో "సాసేజ్ బాల్స్" చేస్తారు. బిస్కెట్ మిక్స్ (ఇక్కడి మెత్తటి బిస్కెట్ రొట్టెల కోసం కలిపి అమ్మే పిండి) 3 కప్పులు, తురిమిన చెడ్డర్ చీజ్ 4 కప్పులు, సాసేజ్ 1 పౌండు. కలిపి గోళీలు చుట్టి ఓవెన్‌లో 350 ఫారెన్‌హీట్‌లో 20 నుంచి 25 నిమిషాలు. ఉల్లిపాయ కూడా తరగక్కర్లేదు.

మామూలు పంది సాసేజ్ అయితే దాని కొవ్వుతోనే పిండి కలుస్తుంది. జింకది అలా కలవదు, పొడిపొడిగా రాలుతుంది. అర కప్పు పాలు పోసి కలపమ్మా. చీజ్ ముక్క కొని ఇంట్లోనే తురుముకో. తురిమి అమ్మేదానికి అంటుకోకుండా పిండి పూస్తారు, దాంతో ఇంకా ఎండుతుంది. మీ పక్కింటి దంపతులకు ఇది చిన్నప్పటి నుంచి తెలిసిన తిండి అయి ఉండొచ్చు, ఒక పళ్ళెం వాళ్ళ కోసం చెయ్. మేమైతే అందులో సన్నగా తరిగిన హలపీన్యో మిర్చి వేస్తాం, మన వాళ్ళకు అది లేకపోతే చప్పగా అనిపిస్తుంది.

కరీంనగర్_మాడిసన్:
చాలా సంతోషం. పొద్దున పెద్దాయనతోని మాట్లాడిన. పరీక్ష చేయించిండట, జబ్బు లేదని వచ్చిందట. ఆయన జింకను విడిగనే కొట్టించిండట. విల్లుతోని కొట్టిందేనట. పంది కొవ్వు కలిపించిన అని చెప్పిండు. నేను ఇన్ని అడిగినందుకు ఆయనకు మస్తు సంతోషమయింది, వచ్చే ఏడు మా ఆయనను గూడ తీసుకపోత అన్నడు.

పెద్దక్కా, ఇంక రెండు ముచ్చట్లు చెప్పు. ఆరు పౌండ్లు ఎట్ల పంచుకోవాలె? శుక్రవారం నాకు ఆఫీసు ఉంది, ముందురోజు ఏమేం చేసి పెట్టుకోవచ్చు?

గ్రీన్‌బే_రైతుబిడ్డ:
మంచి కబురు. మీ ఆయనకు చెప్పండి: 1973 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళకు ఇక్కడ లైసెన్సు కావాలంటే హంటర్ ఎడ్యుకేషన్ సర్టిఫికెట్ ఉండాలి. నవంబర్ దాకా ఆగితే తరగతులు నిండిపోవచ్చు, ఎండాకాలంలోనే చేరమనండి.

వాసా_పెద్దక్క:
విల్లుతో కొట్టినదే అయితే పిల్లల బెంగ తీరింది. కార్డు మీద "పంది కొవ్వు" అన్నది మాత్రం పెద్ద అక్షరాలతో రాయి.

ఇటాలియన్ మూడూ ఉండలకే. 60 పైన వస్తాయి, తలకు రెండు. బ్రేక్‌ఫాస్ట్‌లో రెండు పౌండ్లు పఫ్‌లకు, అంటే 36. మిగిలిన పౌండుతో బాబాయ్ చెప్పిన చీజ్ గోళీలు. ఇవి కాక పదిమంది పది వంటలు తెస్తారు, చాలు. ఇంకా చేద్దామనుకోకు.

పొట్లాలు బుధవారం రాత్రి ఫ్రిజ్‌లోకి దించు. గురువారం రాత్రి ఉండలు చేసి ఓవెన్‌లో కాల్చేసి, ఆరాక మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టుకో. రసం శుక్రవారం సాయంత్రం. శనివారం ఆ రసం పొయ్యి మీద మరిగించి, ఉండలు వేసి, లోపలి దాకా 165 ఫారెన్‌హీట్ వేడెక్కించి, అప్పుడు స్లో కుక్కర్‌లోకి మార్చు. చల్లటివి నేరుగా "వార్మ్" మీద పెడితే గంటల తరబడి గోరువెచ్చగా ఉండి పాడవుతాయి. కుక్కర్ 140 కంటే తగ్గకుండా చూసుకో. పఫ్‌లు, చీజ్ గోళీలు బల్ల మీద రెండు గంటలకు మించి ఉంచకు. సగం ముందు పెట్టి, సగం రెండో విడతకు దాచు.

పఫ్‌ల లోపలి కూర శుక్రవారం రాత్రి వండి ఫ్రిజ్‌లో పెట్టు. షీట్లలో మాత్రం శనివారం పొద్దునే, బాగా చల్లగా ఉన్న కూర పెట్టి మడువు. వేడి కూర పెడితే షీట్లలోని కొవ్వు కరిగి పొరలు విచ్చుకోవు. మడిచిన వెంటనే 400లో పెట్టి, ఇరవై నిమిషాలకు అటూఇటూగా బంగారు రంగు వచ్చేదాకా కాల్చు.