క్లబ్బులో బ్లాక్ పౌడర్ సరదా పోటీ: 20 మంది, 8 లేన్లు, ఒక్క పూట

ప్రశ్న – ఎనిమిదో లేన్

మజిల్‌లోడర్లతో (ముందువైపు నుంచి నల్లమందు, గుండు దట్టించే పాతకాలపు తుపాకులు) ఒక పూట స్నేహపూర్వక పోటీ పెట్టాలనుకుంటున్నాం. దాదాపు 20 మంది వస్తారు. ఎక్కువమందివి క్యాప్ (దెబ్బకు నిప్పు పుట్టించే చిన్న లోహపు టోపీ) రైఫిళ్లు, నాలుగైదు చెకుముకి తుపాకులు, కొన్ని క్యాప్ అండ్ బాల్ రివాల్వర్లు. రేంజిలో 25, 50 మీటర్ల దూరాలున్నాయి. మామూలు రైఫిల్ పోటీలు నడపడం తెలుసు. వీటికి టైము ఎంత ఇవ్వాలి, మందు ఎక్కడ పెట్టించాలి, లైను మీద ఏం కనిపెట్టుకుని ఉండాలి? కాగితం టార్గెట్లు కాక సరదాగా ఇంకేమైనా పెట్టొచ్చా?

జవాబు – పాతగొట్టం

మీ పూటంతా దట్టించడానికే పోతుందండీ, లెక్క దాన్ని బట్టే వేసుకోండి. ఎంఎల్ఏఐసీ (మజిల్‌లోడర్ సంఘాల అంతర్జాతీయ కమిటీ) పోటీల్లో 30 నిమిషాలు, 13 షాట్లు, వాటిలో మంచివి 10 లెక్కలోకి. అదే పెట్టేయండి. షాటుకు రెండు నిమిషాల పైచిలుకు వస్తుంది. మందు, ప్యాచ్ (గుండుకు చుట్టే గుడ్డముక్క), గుండు, దట్టింపు, మధ్యలో గొట్టం తుడవడం, క్యాప్ అన్నీ అందులోనే. కొత్తవాళ్లకు అదే అరగంటలో 8 షాట్లు చాలు.

20 మందిని 7, 7, 6గా మూడు బ్యాచ్‌లు చేయండి. టార్గెట్లు మార్చడానికి పావుగంట చొప్పున వేసుకుంటే రెండుంపావు గంటలు. ప్రతి బ్యాచ్‌లో ఒక లేన్ మిగులుతుంది కదా, ఎడమ చివరది ఖాళీగా ఉంచండి. పేలక మొరాయించిన తుపాకిని అక్కడికి మారిస్తే పక్కవాళ్ల ఆట ఆగదు.

చెకుముకి తుపాకులు కుడి చివర. లాక్ కుడివైపు ఉన్నవాటికి రంజకం (బయట పళ్లెంలో వేసే అంటింపు మందు) మంట నిప్పు రంధ్రంలోంచి కుడిపక్కకే చిమ్ముతుంది. ఇద్దరు పక్కపక్కన పడితే మధ్యలో చెక్క అడ్డు పెట్టండి.

జవాబు – కొలతగొట్టం

మందు గురించి ఒక్క నియమం మాత్రం సడలించొద్దు: డబ్బాలోంచి గానీ ఫ్లాస్కులోంచి గానీ నేరుగా గొట్టంలోకి పోయనివ్వకండి. వెనకటి షాటు నిప్పురవ్వ లోపల మిగిలి ఉంటే చేతిలోని ఫ్లాస్కే బాంబవుతుంది. ఒక్కో షాటుకు ఒక్కో మూత గొట్టంలో ముందే కొలిచి తెచ్చుకోవాలి. డబ్బాలు లైనుకు బాగా వెనక, నీడలో, మూత బిగించి ఉండాలి. సిగరెట్లు ఆ చుట్టుపక్కలకే రాకూడదు.

కంపెనీ లేబుల్ ఉన్న అసలు డబ్బాలోంచి కొలిచిన మందే రానివ్వండి. స్మోక్‌లెస్ పౌడర్ (ఇప్పటి తూటాల్లో వాడే మందు) పొరపాటున పడిందా, ఆ ఒత్తిడికి గొట్టం పగులుతుంది. సాధారణంగా 50 క్యాలిబర్ (గొట్టం లోపలి వెడల్పు అర అంగుళం), ఆ పైవాటికి టూఎఫ్ అనే ముతక మందు, చిన్నవాటికీ పిస్తోళ్లకూ త్రీఎఫ్ అనే సన్న మందు. ఎంత పోయాలన్నది తుపాకి తయారీదారు చెప్పిన పరిమితి. బ్లాక్ పౌడర్ బదులు పైరోడెక్స్ అనే మందు వాడేవాళ్లు తూకం వేయకూడదు, బ్లాక్ పౌడర్ కొలపాత్రతోనే కొలవాలి. అది తేలిక కాబట్టి, తూచి పోస్తే మోతాదు మించుతుంది. చెకుముకి తుపాకుల్లో అది సరిగా అంటుకోదు కూడా.

జవాబు – లైనుకాపు

మొదటి దట్టింపుకు ముందు గొట్టంలో నూనె తుడిపించి, లైను మీదే ఒట్టి క్యాపులు రెండు పేల్పించండి. మూతి ముందర ఒక గడ్డిపోచ ఉండేలా పట్టుకుంటే, దారి శుభ్రంగా ఉన్నప్పుడు ఆ పోచ కదులుతుంది. కదల్లేదంటే నిపుల్ (క్యాప్ తొడిగే చిల్లుమొన) మూసుకుపోయినట్టే.

అన్నిటికంటే ప్రమాదం, గుండు మందు దాకా దిగకపోవడం. మధ్యలో ఖాళీ మిగిలితే గొట్టం ఉబ్బొచ్చు, చీలొచ్చు. సరిగ్గా దట్టించినప్పుడు మూతి దగ్గర రామ్‌రాడ్ (దట్టించే కడ్డీ) మీద గీత పెట్టించండి. గీత మూతి దాకా దిగకుండా క్యాప్ పెట్టనివ్వొద్దు. మసి పేరుకుని గుండు మధ్యలో బిగుసుకుంటుంది కాబట్టి తడి ప్యాచ్‌తో తుడవమని గుర్తుచేస్తూ ఉండండి.

పేలకపోతే మూతి టార్గెట్ వైపే ఉంచి కనీసం ఒక నిమిషం ఆగాలి, ఆ తర్వాతే కొత్త క్యాప్. మందు పోయకుండా గుండు దట్టించేవాడు ప్రతి పోటీలోనూ ఒకడు తేలతాడు. ఆ గుండును గ్యాసుతో బయటికి నెట్టే కార్బన్ డయాక్సైడ్ డిశ్చార్జర్ ఒకటి బల్ల మీద ఉంచండి. లేకపోతే నిపుల్ విప్పి కాస్త త్రీఎఫ్ లోపలికి ఎక్కించి, గుండును మళ్లీ అడుక్కి దట్టి కాల్పించాలి.

రివాల్వర్లకు గుండు ఎక్కించేటప్పుడు అంచున సన్నటి సీసం రింగు తెగిపడాలి. వదులు గుండ్లు, వదులు క్యాపులు ఉంటే ఒక గదిలోని నిప్పు పక్క గదులకు పాకుతుంది. క్యాపులు లైను మీదే, మూతి ముందుకు ఉన్నప్పుడే పెట్టాలి.

ప్యాచ్‌లు పొగలు కక్కుతూ లైను ముందే పడతాయి. గడ్డి ఎండి ఉంటే కోయించి తడపండి, రెండు చివర్లా నీళ్ల బకెట్లు ఉంచండి. అన్ని తుపాకులూ ఖాళీ అయ్యి స్టాండెక్కితే గానీ ఎవరూ టార్గెట్ల దగ్గరికి వెళ్లకూడదు. గాలి లేని రోజు పొగ అక్కడే తిష్ఠ వేస్తుంది, టార్గెట్ కనబడదు. టైము కాస్త పొడిగించండి.

జవాబు – పాతగొట్టం

సరదాకి గొడ్డలి పందెం పెట్టండి. గొడ్డలిని దుంగలో దిగ్గొట్టి, అంచు మనవైపు ఉంచి, రెండు పక్కలా ఒక్కో మట్టి పళ్లెం నిలబెడతారు. గుండు అంచుకు తగిలి రెండుగా చీలి రెండింటినీ పగలగొట్టాలి. మెత్తని సీసపు గుండ్లే వాడాలి, వెనక మట్టికట్ట ఉండాలి, అందరికీ కళ్లద్దాలు తప్పనిసరి. ముక్కలు పక్కలకు ఎగురుతాయి కాబట్టి చూసేవాళ్లంతా లైను వెనకే ఉండాలి.

దారం లెక్క కూడా బాగుంటుంది: నడి బిందువు నుంచి ప్రతి రంధ్రం మధ్యకు దారంతో వరసగా కొలుచుకుంటూ పోతే, మొత్తం దారం ఎవరిది పొట్టిదో వాళ్లు గెలిచినట్టు. మామూలు స్కోరింగ్‌లో పెద్ద క్యాలిబర్ చేసే పెద్ద రంధ్రానికి టార్గెట్ మీది పై పాయింట్ల గీత తాకే సుళువు ఎక్కువ. ఇందులో ఆ తగాదా ఉండదు.