కాపర్ ఆక్సైడ్ నానోవైర్ల బ్యాండ్ గ్యాప్ 2.1 వస్తోంది, ఎక్కడ తప్పుతున్నాను?

సింధూర_ఫిజిక్స్:
పొద్దున తొమ్మిదింటి నుంచి ఇదే పని. నానోవైర్లు చక్కగా పెరిగాయి, యూవీ-విజిబుల్ స్పెక్ట్రమ్ తీసి, కాంతి శోషణ నుంచి గ్యాప్ (ఎలక్ట్రాన్ విడివడి కదలడానికి కావలసిన కనీస శక్తి) లెక్కగట్టే టాక్ ప్లాట్ వేస్తే మాత్రం 2.1 ఎలక్ట్రాన్ వోల్టులు. పేపర్లలో 1.2 నుంచి 1.9 లోపే ఉంది. బేస్‌లైన్ మూడుసార్లు మార్చాను, అదే అంకె. శుక్రవారం గైడ్‌కి చూపించాలి. మరీ సన్నటి వాటిలో గ్యాప్ పెరుగుతుందంటారుగా, ఆ క్వాంటమ్ కన్‌ఫైన్‌మెంట్ అని రాసెయ్యొచ్చా?

ల్యాబ్‌మేట్:
ఏ ఆక్సైడ్? వైరు మందం ఎంత? దేని మీద ఉంది?

సింధూర_ఫిజిక్స్:
క్యూప్రిక్ ఆక్సైడే (CuO) అండీ, నల్లగా ఉంది. ఎస్‌ఈఎం (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్)లో మందం 60 నుంచి 100 నానోమీటర్లు.

ల్యాబ్‌మేట్:
అంత లావుకి కన్‌ఫైన్‌మెంట్ ఉండదు. రాయకండి.

పాతమేష్టారు:
ముందు ఆ పేరు టాక్ కాదమ్మా, టౌట్స్. చెక్ దేశపు ఆయన. 1966లో ఆ పద్ధతి వాడింది అస్ఫటిక జెర్మేనియం మీద. ఇప్పుడు ప్రతి పొడికీ అదే గీత గీసేస్తున్నారు. క్యూప్రిక్ ఆక్సైడ్ గ్యాప్ డైరెక్టా (దాటడానికి కాంతి ఒక్కటే చాలు), ఇండైరెక్టా (అణువుల కంపనాల సాయం కూడా కావాలి) అన్న వాదన ఇంకా తెగలేదు. ప్లాట్‌లో శోషణ, శక్తుల లబ్ధానికి డైరెక్ట్ అనుకుని వర్గం వేస్తే గ్యాప్ ఎక్కువ, ఇండైరెక్ట్ అనుకుని వర్గమూలం వేస్తే తక్కువ, డేటా మాత్రం ఒకటే! నువ్వు ఏది వేశావు?

తేటతెలుగు:
నానోవైర్లు ఏమిటి, నానోతీగలు అనొచ్చుగా? మన ఇళ్లలో రాగి తీగ అన్న మాట లేదా?

పాతమేష్టారు:
తీగ అంటే వంగేది. ఇవి సూదుల్లా నిలబడతాయి.

తేటతెలుగు:
వీణ తీగ కూడా నిటారుగానే ఉంటుందండీ.

సింధూర_ఫిజిక్స్:
వర్గమే వేశాను సార్. రాగి రేకుని మఫిల్ ఫర్నేస్‌లో 500 డిగ్రీల దగ్గర 4 గంటలు గాలిలోనే ఉంచాను. ఆ రేకునే పెట్టి రిఫ్లెక్టెన్స్ తీశాను, 200 నుంచి 800 నానోమీటర్ల దాకా.

కొలిమి_దగ్గర:
అక్కా, ఇది ముందే చెప్పాల్సింది. రెండు చిక్కులున్నాయి.

స్కాన్ 800 దగ్గర ఆపారు. 1240ని నానోమీటర్లతో భాగిస్తే ఎలక్ట్రాన్ వోల్టులు వస్తాయి, 800తో అయితే 1.55. గ్యాప్ 1.4 అయితే శోషణ మొదలయ్యే అంచు 886 నానోమీటర్ల దగ్గర పడుతుంది, అది మీ గ్రాఫ్‌లోకే రాదు. 1100 దాకా పోనివ్వండి.

రెండోది రేకు. గాలిలో కాల్చినప్పుడు రాగి మీద ముందు ఎర్రటి క్యూప్రస్ ఆక్సైడ్ (Cu₂O) పొర, దాని మీద పల్చగా క్యూప్రిక్, వైర్లు ఆపైన. క్యూప్రస్ గ్యాప్ ఇంచుమించు 2.1. రాగి ఎర్రగా కనబడడానికి కారణమైన శోషణ కూడా అక్కడక్కడే మొదలవుతుంది. చల్లారేటప్పుడు పెచ్చులూడిందా? ఊడితే మీరు కొలిచింది అడుగునున్నదే కావచ్చు. ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్-రే వివర్తనం)లో 36.4, 42.3 డిగ్రీల దగ్గర క్యూప్రస్ శిఖరాలున్నాయేమో చూడండి. రామన్ స్పెక్ట్రమ్‌లో 218 సెం.మీ.⁻¹ దగ్గర శిఖరం వస్తే క్యూప్రస్, 298 వస్తే క్యూప్రిక్.

వైర్లను మెల్లగా గీకి, ఐసోప్రొపనాల్‌లో కాసేపు సోనికేట్ చేసి (అల్ట్రాసౌండ్‌తో కదిలించి), క్వార్ట్జ్ పలక మీద చుక్కలుగా ఆరబెట్టండి. కాంతి చెదిరిపోతుంది కాబట్టి దాన్నంతా పోగుచేసే ఇంటిగ్రేటింగ్ స్ఫియర్ తప్పనిసరి. నేను ఆరు నెలలు రేకు మీదే కొలిచి పోగొట్టుకున్నాను, మీకా గతి వద్దు.

తేటతెలుగు:
చెదరడాన్ని పరిక్షేపణం అంటారు. పరావర్తనం వేరు.

పాతమేష్టారు:
ఇండైరెక్ట్‌కి కూడా వేసి రెండూ చూపించమ్మా. గీత ఎక్కడి నుంచి ఎక్కడికి గీశావో రాయి.

సింధూర_ఫిజిక్స్:
అంచుల్లో పెచ్చులూడాయి, కింద ఎర్రగానే ఉంది. రామన్‌కి సోమవారం దాకా ఖాళీ లేదట. థ్యాంక్స్ తమ్ముడూ, గీకడానికి వెళ్తున్నా.

ల్యాబ్‌మేట్:
బ్లేడు స్టీలుదైతే రేకు దాకా గీకకండి. రాగి పొడి కలుస్తుంది.

తేటతెలుగు:
మరి నానోతీగల సంగతి?