ఊరి పక్కనున్న చిన్న అడవి మళ్ళీ పెరగాలంటే ఏం చేయాలి? అనుభవమున్నవారు చెప్పగలరు

అచ్చంపేట ఉపాధ్యాయుడు:
మా ఊరికి పడమటి వైపు, గుట్టకూ చెల్కలకూ మధ్య ఇరవై ఎకరాలకు లోపు కంచ (పొదలు, చెట్లు ఉన్న మేత భూమి) ఒకటి ఉంది. దూరం నుంచి చూస్తే ముళ్ళ పొదలే కనిపిస్తాయి గానీ, లోపలికి వెళితే నారేప, చిరుమాను, తునికి, మోదుగ, సోమి, రేల, మొర్రి, బలుసు అన్నీ ఉన్నాయి. చాలావరకు నరికిన మోడుల నుంచి తిరిగి చిగిర్చినవే. మనిషి ఎత్తు దాటినవి తక్కువ. కంచ దిగువన కుంట, దాని కింద పత్తి, వేరుశనగ చేలు ఉన్నాయి. ఇప్పుడు ఊరిలో కొందరు ఆ పొదలన్నిటినీ జేసీబీతో చదును చేయించి, వరుసగా గుంతలు తీసి మొక్కలు నాటిద్దామంటున్నారు. వారి ఉద్దేశం మంచిదే అయినా నాకు మనసొప్పడం లేదు. ఇలాంటి చోట్ల పనిచేసినవారు తమ అనుభవం చెబితే గ్రామసభలో వివరించగలుగుతాను.

దేవరకొండ రైతు:
ఉపాధ్యాయుడు గారూ, నమస్కారం. దయచేసి ఆ జేసీబీని ముందుగా ఆపించండి. మా వైపు గుట్ట కింద ఇటువంటి కంచనే మేము కొన్నేళ్ళుగా కాపాడుకుంటున్నాము. మాకు తెలిసివచ్చిన ముఖ్యమైన సంగతి, అడవి ఇంకా అక్కడే, నేల లోపల ఉందన్నది. మోకాలెత్తు మోదుగ పిలకను చూసి నిన్నగాక మొన్న మొలిచిన మొక్క అనుకుంటాము. పక్కన మట్టి తీసి చూస్తే వేలంత కొమ్మ కింద మణికట్టుకంటే లావైన పాత వేరు, దాని మీద ఎన్నోసార్లు గొడ్డలి పడిన గంటులు కనిపిస్తాయి. తునికి అయితే వేర్ల నుంచే పిలకలు వేసుకుంటూ విస్తరిస్తుంది. ఏడాదికి 600, 700 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకం లేని మన ఎర్రచెల్క నేలల్లో అంత వేరు పెంచుకున్న చెట్టును పెకలించి, ఆ స్థానంలో నర్సరీ సంచిలోని మొక్కను పెట్టి, మొదటి ఎండాకాలమంతా ట్యాంకరుతో నీళ్ళు పోయడంలో అర్థం లేదు.

మేము చేసిన పని చాలా తక్కువ. మోడు చుట్టూ గుంపుగా వచ్చిన పిలకలను మొదటి ఏడు ముట్టుకోలేదు. ఏవి బలంగా నిలుస్తాయో తెలిశాక ఒక్కో మోడుకు రెండు మూడు ఉంచి, మిగిలినవాటిని నేలకు దగ్గరగా, ఏటవాలుగా, చీలిక రాకుండా పదునైన కత్తితో కోశాము; చీలితే అక్కడ నీరు నిలిచి మోడు కుళ్ళుతుంది. ఆకు రాలిపోయి కొత్త చిగురు ఇంకా రాని మాఘ, ఫాల్గుణ మాసాలే దీనికి సరైన కాలం. కోసిన కంపను ఒర్రెలకు (వాన నీరు పారే చిన్న పాయలకు) అడ్డంగా పేర్చితే మట్టి అక్కడే ఆగుతుంది. కందకాలు తీయాలనుకుంటే పాత మోడులకు దూరంగా, వాలుకు అడ్డంగా, చిన్నచిన్న ముక్కలుగా తీయించండి. పొడవాటి కందకం ఒక్కచోట తెగిందంటే నీరంతా అక్కడినుంచే పారి నేలను కోసేస్తుంది.

కల్వకుర్తి వాసి:
పై మాటలతో ఏకీభవిస్తూనే మేకల విషయం మరిచిపోవద్దని కోరుతున్నాను. లేత పిలకను మేక కొరికితే మళ్ళీ మొదటికే వస్తుంది, అది నిజమే. కానీ కంచ మొత్తాన్ని ఒకేసారి మూసివేస్తే తరతరాలుగా అక్కడ మేపుకునే గొల్లకురుమలు ఎక్కడికి పోతారు? మా ఊరిలో కాపరులనే కూర్చోబెట్టి మాట్లాడాము. ఒక భాగాన్ని పిలకలు మేక మూతికి అందనంత ఎత్తు పెరిగేవరకు మూసి, మిగతా భాగం మేతకు వదిలి, తరువాత మార్చుకోవాలని వారే నిర్ణయించారు. మూసిన భాగంలో గడ్డి కోసుకుపోవడానికి అభ్యంతరం పెట్టలేదు. కాపలాకు మనిషిని పెట్టాల్సిన అవసరం రాలేదు. ఏ మంద ఎటు వెళ్ళిందో కాపరులకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

వనపర్తి ప్రకృతి ప్రేమికురాలు:
ముళ్ళ పొదలన్నారు కదా, అవి ఏ పొదలో ముందు గుర్తించండి. రేగు, పరికి, కలివి, బలుసు మన అడవివే. పక్షులు వాటి పండ్లు తిని, కొమ్మలపై వాలి, విత్తనాలు వేస్తాయి. వాటి ముళ్ళ మధ్య మొలిచిన మొక్కకు మేక మూతి అందదు. మారేడు, నేరేడు మొలకలు రేగు పొదల నడుమ పెరగడం నేను చాలాచోట్ల చూశాను. కనుక వీటిని శుభ్రం చేయడమంటే అడవి తానే కట్టుకున్న కంచెను పీకేయడమే.

సర్కారు తుమ్మ, పులికంప (లాంటానా) సంగతి వేరు. అవి రెండూ అమెరికా ఖండం నుంచి వచ్చినవి. సర్కారు తుమ్మను పైకి నరికితే మరింత గుబురుగా లేస్తుంది, వేరు మొదలుతో సహా తవ్వి తీయాల్సిందే. పులికంపను నేల మట్టానికి కొద్దిగా కిందికి వేరు నరికి, పొదను తలకిందులుగా పడేస్తే మళ్ళీ నాటుకోదు. అయితే ఒక్కసారిగా మొత్తం ఖాళీ చేయకండి. బోసిపోయిన నేలలో వయ్యారిభామ వచ్చి కూర్చుంటుంది. సీతాఫలాన్ని మాత్రం, అదీ అమెరికా నుంచి వచ్చినదే అయినా, నేను తీయించమని చెప్పలేను. బాలానగర్ రకానికి పేరు తెచ్చిన ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో ఎన్నో పేద కుటుంబాలు గుట్టల మీది ఆ పండ్లను బుట్టలకెత్తి అమ్ముకుంటాయి.

అచ్చంపేట ఉపాధ్యాయుడు:
అందరికీ కృతజ్ఞతలు. మరో రెండు ప్రశ్నలు. మా దగ్గర ఎండాకాలంలో ఇప్పపువ్వు ఏరేవారు, మొండి గడ్డి లేత చిగురు వేయాలనుకునేవారు నిప్పు పెడుతుంటారు. కింది రైతులేమో అడవిపందులు పెరుగుతాయని భయపడుతున్నారు. వీరికి ఏమని సమాధానం చెప్పాలి?

దేవరకొండ రైతు:
నిప్పు విషయంలో గట్టిగా ఉండాలి. పైకి పాకిన మంట కంటే ఎండుటాకులో నెమ్మదిగా జరిగే మంట మోడు మొదలును ఎక్కువగా కాలుస్తుంది. మేము శివరాత్రికి ముందే కంచ చుట్టూ రెండు బారల వెడల్పున ఆకు ఊడ్చి, గడ్డి చెక్కి బాటలా చేస్తాము. ఇప్పచెట్టు కింద పువ్వు ఏరుకునేవారికి నిప్పు బదులు చీపురుతో ఊడ్చుకునే ఏర్పాటు చేయండి, ఆ చెట్టు ఎవరిదో వారే శ్రద్ధగా చేస్తారు.

పందుల భయం ఉత్తది కాదు. వేరుశనగ చేను ఒక్క రాత్రిలో దున్నేసినట్టు అవుతుంది, ఆ బాధ నాకూ తెలుసు. చేను చుట్టూ ముళ్ళ కుసుమను నాలుగు వరుసలు ఒత్తుగా వేస్తే మా దగ్గర నష్టం తగ్గింది. మొక్కజొన్నకు ఆముదం వేసినవారున్నారు. కరెంటు తీగ మాత్రం ఎవరూ పెట్టకుండా చూడండి. అది నేరం, పైగా మనుషులూ పశువులూ పోతున్నారు. అదే రైతులకు కుంట సంగతి కూడా చెప్పండి. ఆకు పరుచుకున్న నేల మీద వాన నీరు ఆగి ఇంకుతుంది, కుంటలోకి ఒండ్రు తక్కువగా దిగుతుంది. చదును చేసిన వాలు నుంచి మొదటి వానకే మట్టి వారి కుంటలోకి చేరుతుంది.

నాగర్‌కర్నూల్ న్యాయవాది:
ముందుగా ఆ భూమి అటవీశాఖదా, రెవెన్యూదా అన్నది రికార్డులో చూడండి. అటవీ భూమి అయితే ఏ పనికైనా అటవీశాఖ అనుమతి తప్పనిసరి. రెవెన్యూ భూమి అయినా వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం, 2002 ప్రకారం చెట్లు కొట్టడానికి అనుమతి కావాలని సభలో గుర్తుచేయవచ్చు. జీవవైవిధ్య చట్టం, 2002 కింద పంచాయతీ స్థాయిలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. కంచలోని చెట్లు, పక్షులు, వాటి స్థానిక వాడుకలను ఆ కమిటీ ద్వారా ప్రజా జీవవైవిధ్య రిజిస్టరులో నమోదు చేయించండి. ఇదే చట్టం కింద 2016లో సంగారెడ్డి జిల్లాలోని అమీన్‌పూర్ చెరువును జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. మీ కంచకు అంత గుర్తింపు రావాలని కాదు, రాతపూర్వకంగా ఉన్నదాన్ని చదును చేయించడం కష్టమవుతుంది.

అచ్చంపేట ఉపాధ్యాయుడు:
పిల్లలతో ఆ నమోదు మొదలుపెడతాను. అంచున ఖాళీగా ఉన్న రాతి నేలలో నారేప పెంచాలని ఉంది. విత్తనం ఎప్పుడు దొరుకుతుంది?

దేవరకొండ రైతు:
ఏప్రిల్, మే నెలల్లో కాయలు పండుతాయి. పలుచని రెక్కలాంటి కాయకు ఒక కొసన ఒకే గింజ ఉంటుంది, గాలికి ఎగిరి దూరం పోతుంది కనుక చెట్టు కింద రాలకముందే కోయించండి. ప్రతి ఏడూ సరిగా కాయదు, కాచిన ఏడు వదులుకోవద్దు. దీని తల్లివేరు చాలా లోతుకు పోతుంది, సంచిలో ఎక్కువ కాలం ఉంచితే చుట్ట తిరిగిపోతుంది. తొలకరి పడగానే రాళ్ళ సందుల్లో నేరుగా విత్తండి. పిల్లలకు చెట్టును గుర్తుపట్టడం నేర్పాలంటే ఆకు చూపించండి. ప్రతి ఆకూ రెండు రేకులుగా ఉంటుంది. ఇప్ప, వేప గింజలను మాత్రం దాచకండి, ఏరిన కొద్ది రోజులకే వాటి మొలక శక్తి తగ్గుతుంది.