చర్చ: సారా కాచే వితంతువు మీద సంఘం అక్క జాలి చూపుడు సరైనదేనా?

గోదారి_అవతల
మాది మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకా. మా ఊరి బచత్ గట్ (ఆడోళ్ళ పొదుపు సంఘం) అధ్యక్షురాలు అక్క, ఇప్పసారా కాచే ఒకామెను పోలీసులకు పట్టియ్యలె. ఇంటికి పోయి, పొయ్యి కాడ కూసొని, బియ్యం డబ్బా మూత తీసి చూసిందట. అడుగున గుప్పెడు నూకలు. సంఘం నుంచి 15,000 అప్పు ఇప్పిచ్చి మేకలు కొనిచ్చింది. ఎండాకాలం వచ్చేసరికి ఆమె మళ్ళా కుండ పెట్టింది. ఇప్పుడు ఊరు రెండైంది. మీరేమంటరు?

సిరొంచ_పోరడు
అనేదేముంది? గడ్చిరోలి జిల్లాల 1993 నుంచి దారూబందీ, అంటే మద్యనిషేధం. రూలు అంటే రూలు. ఏడ్చినోళ్ళకల్లా అప్పులిస్తే అది సంఘమా, ధర్మసత్రమా? 1992ల నెల్లూరు దూబగుంట ఆడోళ్ళు సారా బందు చేపిచ్చింది బతిమాలి కాదు గదా.

రాజురా_వదిన
తమ్మీ, వాళ్ళు కొట్లాడింది సారా వేలంపాటల మీద, కాంట్రాక్టర్ల మీద, సర్కారు మీద. ఇంట్ల ఏం లేని ఆడదాని కుండ మీద కాదు. గెలిచినంక ఏమైంది? 1995ల ఆంధ్రల పూర్తి నిషేధం పెట్టిన్రు, 1997ల ఎత్తేసిన్రు. మా చంద్రపూర్ జిల్లా సంగతీ అంతే. 2010ల ఆడోళ్ళు చిమూర్ నుంచి నాగపూర్ దాకా నడిచిన్రు, 2015 ఏప్రిల్ల బందు పెట్టిన్రు, 2021ల సర్కారే తెరిచింది. సర్కారు ఇస్తది, గుంజుకుంటది. ఊళ్ళె మిగిలేది ఆడోళ్ళ నడుమ మాట. అక్క అది చెడకుండ చూసుకున్నది. డబ్బా మూత తియ్యకుండ తీర్మానాలు రాసేటోళ్ళను చానా మందిని చూసిన.

అడ్డసీసా
మా దిక్కు ఓటు పెట్టిపియ్యాలె. 25 శాతం ఆడ ఓటర్లు సంతకం పెడితే ఓటింగ్. చీటీ మీద రెండు గుర్తులు: నిలువు సీసా అంటే దుకాణం ఉండాలె, అడ్డ సీసా అంటే బందు. సగం దాటి అడ్డ సీసాకు పడితే దుకాణం బందు.

బల్లార్షా_బాబాయ్
పోలైన ఓట్లల్ల సగం.

అడ్డసీసా
కాదు బాబాయ్. లిస్టుల ఉన్న మొత్తం ఆడ ఓటర్లల్ల సగం. రానోళ్ళంతా నిలువు సీసాకు వేసినట్టే.

గోదారి_అవతల
ఆ ఓటు లైసెన్స్ దుకాణాలకు. మా జిల్లాల దుకాణమే లేదు. అసలు సంగతికి రాండ్రి.

బల్లార్షా_బాబాయ్
వస్త.

కాళేశ్వరం_రోడ్డు
వంతెన మాట ఎవరూ ఎత్తరేంది? పొద్దుగూకినంక గోదారి దాటితే తెలంగాణ వైన్స్. తాగేటోడు పోయి వస్తడు. దొరికేది కుండ పెట్టిన ఆడది.

సిరొంచ_పోరడు
వదినా, జాలి జాలి అంటున్నరు. ఆ జాలి మొహం చూసి వస్తదా?

రాజురా_వదిన
సూటిగ చెప్పు. ఆమె అక్కకు సొంత మనిషి అనే కదా నీ మాట? నీ అసొంటోళ్ళకు ఆడది గట్టిగ మాట్లాడితే గయ్యాళి, మెత్తగ మాట్లాడితే చేతగానిది.

సిరొంచ_పోరడు
నా అసొంటోళ్ళా? మా అమ్మ గూడ కాచింది. నాయిన పోయినంక. నేను ఏడో తరగతి. ఇదే సంఘం, ఇదే అక్క ముందల నడుసుకుంట వచ్చిన్రు. వాకిట్లనే కుండ పలగ్గొట్టి, పులిసిన ఇప్పపువ్వంత మోరీల పారబోసిన్రు. అమ్మను చావడి కాడ పొద్దంత కూసోబెట్టిన్రు. మా బియ్యం డబ్బా ఎవలు చూసిన్రు? మాకు మేకలు ఎవలు కొనిచ్చిన్రు?

రాజురా_వదిన
అట్లయితే నువ్వు అడగాల్సింది ఈమెను పట్టియ్యమని కాదు గదా. మీ అమ్మకు జరిగింది అన్యాయమని అక్క నోటితోని చెప్పమను.

సిరొంచ_పోరడు
గ్రామసభల చెప్తదా? చాటుకు ఇంటికొచ్చి చెప్తే నాకొద్దు. పలగ్గొట్టింది అందరి ముందల.

రాజురా_వదిన
అందరి ముందల నిలబెడితే రేపు తాగి కొట్టే మొగోళ్ళు దాన్నే పట్టుకొని సంఘాన్ని నవ్వులపాలు చేస్తరు. ఆ తర్వాత ముందుకొచ్చే ఆడది ఎవలుంటరు?

సిరొంచ_పోరడు
అగో, మళ్ళా సంఘం పేరే ముందు. మా అమ్మ పేరు పోయిన్నాడు ఎవలెవలు నవ్విన్రో ఎన్నడన్న అడిగిన్రా?

కాళేశ్వరం_రోడ్డు
పోరని మాటల న్యాయముంది వదినా.

బల్లార్షా_బాబాయ్
అదంత సరే. ఆ 15,000 సంఘం ఆడోళ్ళ పైసలు. ఎవలు కడతరు? మేకలున్నయా, అమ్ముకున్నదా?

గోదారి_అవతల
రెండు అమ్మింది, పిల్ల ఫీజు కోసమట. రెండున్నయి. కిస్తు మాత్రం హోలీ నుంచి కట్టలె.